మగ్గాల షెడ్డు నుంచి మేనేజర్ గదికి

1950ల మొదట్లో అహ్మదాబాద్‌లోని కాలికో మిల్లుకు ఆటోమేటిక్ మగ్గాలు వచ్చాయి. కండెలో నూలు అయిపోతే మగ్గం ఆగకుండా తానే కొత్త కండె అందుకుంటుంది. పడుగు పోగు తెగితే తానే ఆగిపోతుంది. పాత మగ్గాల దగ్గర రెండింటిని చూసుకునే మనిషి కొత్తవాటి దగ్గర పాతికా ముప్పై చూసుకోగలడని లెక్క వేశారు. ఏ పనికి ఎంత సమయం పడుతుందో గడియారం పట్టుకుని కొలిచి మరీ మనుషులను సర్దారు. యంత్రాలు మంచివి, మనుషులు అనుభవం ఉన్నవాళ్లు, కూలీ కూడా మెరుగే. అయినా బట్ట అనుకున్నంత దిగలేదు. దిగినదాంట్లో లోపాలున్న బట్టే ఎక్కువ.

ఎందుకలా అయిందో తెలియాలంటే ఆ షెడ్డులో పని పంచిన తీరు చూడాలి. మగ్గాలు 224, మనుషులు 29, పనులు 12 రకాలు. నేతగాళ్లు ఎనిమిది మంది. మగ్గాలకు కండెలు నింపేవాళ్లు ఐదుగురు. ఒక్కసారిగా చాలా పోగులు తెగిపోతే వాటిని సరిచేసేవాళ్లు ముగ్గురు. కొత్త పడుగు ఎక్కించేవాళ్లు ఇద్దరు. వీళ్లు కాక మరమ్మతు చేసే జాబర్లు, నూనె వేసేవాళ్లు, బట్ట మోసేవాళ్లు, ఊడ్చేవాళ్లు. ఈ అంకెలను పక్కపక్కన పెడితే చిక్కు ఎక్కడుందో కనపడుతుంది. ఒక నేతగాడి వాటాకు వచ్చే కండెలవాడు ఎనిమిదిలో ఐదు వంతులు. పోగులు సరిచేసేవాడు ఎనిమిదిలో మూడు వంతులు. పడుగు ఎక్కించేవాడు పావు మనిషి. ఆ పావు మనిషి తన మగ్గం దగ్గరికి ఎప్పుడొస్తాడో నేతగాడికి తెలియదు, రమ్మని చెప్పే హక్కూ లేదు. కండెలు నింపేవాడు ఒక్కడే ఇద్దరు ముగ్గురు నేతగాళ్లకు పని చేయాలి. వాళ్లలో ఎవరి మాట ముందు వినాలో అతనికి చెప్పిన నాథుడు లేడు. పేచీ వచ్చిన ప్రతిసారీ సూపర్‌వైజర్ పరుగెత్తుకు రావాల్సిందే. అందరూ కష్టపడుతున్నారు, ఎవరూ ఎవరితోనూ కలిసి పని చేయడం లేదు.

1953లో ఈ షెడ్డులోకి లండన్ నుంచి ఎ.కె. రైస్ వచ్చాడు. రెండో ప్రపంచయుద్ధం తరువాత సైకియాట్రిస్టులు, సామాజిక శాస్త్రవేత్తలు కలిసి పెట్టుకున్న టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందినవాడు. అతని సహచరులు అప్పటికే బ్రిటన్ బొగ్గుగనుల్లో ఒక సంగతి గమనించారు. కొత్త యంత్రాలు వచ్చాక గని కార్మికుల పాత చిన్న జట్లు చెదిరిపోయాయి. దానితో యంత్రం ఇవ్వాల్సిన లాభం ఇవ్వలేదు. రైస్‌ను అహ్మదాబాద్‌కు పిలిపించింది కాలికో ఛైర్మన్ గౌతమ్ సారాభాయ్.

ఆ ఇంటిపేరు దగ్గర కాస్త ఆగాలి. గౌతమ్ తండ్రి అంబాలాల్ సారాభాయ్ 1918 మిల్లు సమ్మెలో యజమానుల పక్షాన నిలబడ్డాడు. ఆయన సొంత అక్క అనసూయ కార్మికుల పక్షాన, గాంధీ పక్కన నిలబడింది. కార్మికులు అడిగింది 35 శాతం పెంపు. గాంధీ నిరాహారదీక్ష తరువాత తగవు మధ్యవర్తి చేతికి వెళ్లింది. రెండేళ్లకు, 1920లో, మజూర్ మహాజన్ అనే కార్మిక సంఘం పుట్టింది. తగవు వస్తే ఎదురెదురుగా కూర్చుని మాట్లాడాలి, తెగకపోతే మధ్యవర్తి మాట వినాలి అన్న అలవాటు ఆ ఊరి మిల్లుల్లో అప్పటినుంచే ఉంది. రైస్ ప్రయోగం గురించి రాసేవాళ్లు చాలామంది దాన్ని లండన్ నుంచి దిగిన ఆలోచనగానే చెబుతారు. నాకు అది సగం మాటే అనిపిస్తుంది. కార్మికుడు మాట్లాడితే వినే వాడుక ముప్పై ఏళ్లుగా లేని ఊళ్లో ఆ ప్రయోగం మొదటి వారం కూడా దాటేది కాదు.

రైస్ సూచన చాలా చిన్నది. పనులను బట్టి మనుషులను విడగొట్టడం మానేసి, మగ్గాలను వరసలుగా విడగొట్టి, ఒక్కో వరసను ఒక చిన్న జట్టుకు అప్పగించండి. ఆ మగ్గాలకు కావలసిన పనులన్నీ ఆ జట్టే చూసుకుంటుంది. ఎవరు ఏ పని చేయాలో, ఎవరు ఎవరికి ఎప్పుడు సాయం పట్టాలో వాళ్లే తేల్చుకుంటారు. జట్టుకు ఒక పెద్ద ఉంటాడు. ఇన్ని రకాల కూలీ తరగతులు అక్కర్లేదు, మూడు చాలు. ఈ మాటలను ముందు మేనేజర్‌తో, సూపర్‌వైజర్లతో చర్చించారు, తరువాత కార్మికుల చెవిన వేశారు. ఇంకా కొన్నాళ్లు ఆలోచించి, కాగితం మీద పథకం రాసి, అప్పుడు మొదలుపెడదామని పెద్దల ఉద్దేశం. కార్మికులు అంత వరకు ఆగలేదు. ఎవరితో ఎవరు పని చేయాలో తమలో తామే మాట్లాడుకుని, ఏడుగురు చొప్పున జట్లు కట్టుకుని వచ్చి నిలబడ్డారు. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైన ఘట్టం ఇదే. ఎవరూ వాళ్లకు నాయకత్వ పాఠాలు చెప్పలేదు. తమ పనిని తామే సర్దుకోవచ్చన్న అనుమతి ఒక్కటే దొరికింది.

మొదట్లో ఉత్పత్తి పెరిగింది గానీ లోపాలు కూడా పెరిగాయి. ఎక్కువ బట్ట దింపాలన్న తొందరలో మగ్గాల సంరక్షణ వెనకబడింది. ఆ దశలో ఏ యజమాని అయినా పాత పద్ధతే మేలని వెనక్కి పోయేవాడు. కాలికోలో మళ్లీ కూర్చుని మాట్లాడారు, జట్లకు కావలసిన సాయం అందించారు. కుదురుకున్నాక సామర్థ్యం సుమారు 80 శాతం నుంచి 95 దాకా వెళ్లింది. లోపాలున్న బట్ట 32 శాతం నుంచి సుమారు 20కి దిగింది. రైస్ ఈ కథను 1958లో పుస్తకంగా అచ్చువేశాడు.

ఆ పుస్తకం చదివిన చాలామంది జట్టు గురించి రాశారు, సూపర్‌వైజర్ గురించి రాసినవాళ్లు తక్కువ. నిజానికి ఎక్కువ మారాల్సి వచ్చింది అతనే. అంతకుముందు షెడ్డులో ప్రతి తగవుకూ తీర్పరి అతనే, ప్రతి ఖాళీకీ మనిషిని వెతికేవాడూ అతనే. జట్లు ఏర్పడ్డాక లోపలి సర్దుబాట్లు అతని చేతిలో లేవు. జట్టుకు కావలసిన నూలు వేళకు అందేలా చూడటం, విడిభాగాలు తెప్పించడం, పై నుంచి వచ్చే ఒత్తిళ్లు నేరుగా మగ్గం మీద పడకుండా ఆపడం అతని పని అయింది. రోజంతా ఆజ్ఞలిచ్చే మనిషి జట్టు హద్దుల దగ్గర కాపలా ఉండే మనిషిగా మారాలి. ఇవాళ నాయకత్వ శిక్షకులు పెద్ద పెద్ద హోటళ్లలో చెప్పే మాటల్లో అసలు సరుకు చాలావరకు అప్పటి ఆ సూపర్‌వైజర్ ఉద్యోగంలోనే ఉంది.

అహ్మదాబాద్‌లో అప్పటికే ఇలాంటి ఆలోచనలకు ఒక చోటు ఉంది. గౌతమ్ తమ్ముడు విక్రమ్ సారాభాయ్ 1947లో మిల్లుల కోసం నెలకొల్పిన పరిశోధన సంస్థ ‘అటీరా’లో నూలు, రంగులతో పాటు మనుషుల సంబంధాల మీద కూడా ఒక విభాగం నడిచింది. దాన్ని నడిపించిన మనస్తత్వశాస్త్రవేత్త కమలా చౌధురి. 1961లో అహ్మదాబాద్‌లో ఐఐఎం మొదలైనప్పుడు అందులో తొలి అధ్యాపకురాలు ఆమే. అంతరిక్ష శాస్త్రవేత్తగా మనకు తెలిసిన విక్రమ్ సారాభాయ్‌కు సంస్థలు కట్టడం మరో ప్రధాన వ్యాపకం. ఈ సంస్థలన్నీ ఒకే పదేళ్లు పదిహేనేళ్లలో, ఒకే ఊళ్లో, ఒకరినొకరు ఎరిగిన మనుషుల చేతుల్లో పుట్టడం వల్లనే మిల్లు షెడ్డులోని అనుభవం తరగతి గదికి చేరగలిగింది.

ఈలోగా తెలుగు నేల మీద ఇంకో ప్రయత్నం జరిగింది. చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ 1962లో ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చింది. యూసుఫ్‌గూడలో ఇప్పుడు జాతీయ ఎంఎస్‌ఎంఈ సంస్థగా ఉన్నది అదే. అప్పట్లో దాన్ని ‘సియెట్’ అనేవారు. హార్వర్డ్ మనస్తత్వశాస్త్రవేత్త డేవిడ్ మెక్‌లెలాండ్ తన సిద్ధాంతాన్ని పరీక్షించడానికి ఎంచుకున్న చోటు అదే. ఏదో ఒకటి సాధించాలన్న తపన పుట్టుకతో వచ్చేది మాత్రమే కాదు, పెద్దవాళ్లకు కూడా శిక్షణతో కలిగించవచ్చన్నది ఆయన వాదం. 1964 నుంచి కాకినాడ వ్యాపారులు, ఆ తరువాత వేలూరు వ్యాపారులు జట్లుజట్లుగా హైదరాబాద్ వచ్చి అక్కడే ఉండి శిక్షణ పొందారు. పోల్చి చూడటానికి శిక్షణ ఇవ్వని ఊరు ఒకటి కావాలి. కాకినాడకు పోలికగా రాజమండ్రిని తీసుకున్నారు.

ఆ శిక్షణలో ఒక ఆట ఉంది. నేల మీద ఒక కొయ్య నిలబెడతారు. జాతరల్లో మనవాళ్లు ఆడే ఆటలాగే, చేతిలోని తాడు రింగులను దాని మీదికి విసరాలి. ఎంత దూరం నుంచి విసరాలో ఎవరికి వారే నిర్ణయించుకోవచ్చు. కొందరు కొయ్యను ఆనుకుని నిలబడి అన్నీ వేసేస్తారు. కొందరు గది ఆ మూల నుంచి విసిరి, పడితే అదృష్టం అంటారు. సాధించాలన్న తపన ఉన్నవాడు మధ్యలో నిలబడతాడు, తన నేర్పుకు పరీక్ష అయ్యేంత దూరంలో, గురి కుదిరే అవకాశం ఉన్నంత దగ్గరలో. ఆట అయ్యాక ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎందుకు నిలబడ్డారో అందరి ముందూ మాట్లాడుకుంటారు. అప్పు తెచ్చి వ్యాపారం పెట్టే తీరుకూ ఈ ఆటకూ ఉన్న పోలిక ఎవరూ చెప్పక ముందే వాళ్లకు తోచేది. దీనితో పాటు బొమ్మలు చూసి కథలు రాయడం, తన విలువలు ఏమిటో తాను పరిశీలించుకోవడం, రాబోయే రెండేళ్లకు ఒక లక్ష్యం కాగితం మీద పెట్టడం ఉండేవి. ఒకే ఊరివాళ్లను ఒకే జట్టుగా పిలవడానికి కారణం ఉంది. ఇంటికి వెళ్లాక ఒకరికొకరు తోడుండాలి.

ఫలితాలను మెక్‌లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో ప్రచురించారు. శిక్షణ పొందినవాళ్లలో ఇంచుమించు సగం మంది తరువాతి రెండేళ్లలో కొత్త వ్యాపారమో, విస్తరణో, చెప్పుకోదగ్గ మార్పో చేపట్టారు. శిక్షణ లేనివాళ్లలో ఆ పని చేసినవాళ్లు పావు వంతు. కులాచారాలు, పూజలు, ఉమ్మడి కుటుంబాలు భారతీయుణ్ణి వెనక్కి లాగుతాయని అప్పట్లో పాశ్చాత్య పండితులు గట్టిగా నమ్మేవారు. కాకినాడ వ్యాపారులు తమ నమ్మకాలు మార్చుకోకుండానే వ్యాపారం పెంచారు. ఆ మాట లెక్కలతో సహా చెప్పినందుకు ఈ అధ్యయనానికి మనం ఋణపడి ఉన్నాం.

అయితే కాకినాడ వ్యాపారి తన కొట్టుకు తానే యజమాని. హైదరాబాద్ నుంచి తిరిగివెళ్లి తను అనుకున్నది చేయడానికి ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. పెద్ద సంస్థలో పనిచేసే మేనేజర్ పరిస్థితి వేరు. శిక్షణలో ఎంత మారినా సోమవారం అదే కుర్చీలో, అదే పై అధికారి కింద కూర్చోవాలి. ఈ తేడాను పట్టించుకుని, మనిషికి శిక్షణ ఇస్తే సరిపోదు, మనిషి చుట్టూ ఉన్న ఏర్పాటును కూడా మార్చాలి అన్న దిశగా పని చేసినవాళ్లలో ముఖ్యుడు ఉదయ్ పారీక్. 1925లో జైపూర్‌లో పుట్టిన ఈ మనస్తత్వశాస్త్రవేత్త సియెట్‌లో పనిచేసిన తరువాత అహ్మదాబాద్ ఐఐఎంకు వెళ్లాడు. అక్కడ ఆయనతో కలిసి పనిచేసినవాడు తెలుగువాడైన టి. వెంకటేశ్వరరావు. టి.వి. రావుగా ప్రసిద్ధుడైన ఈయన 1973లో ఐఐఎంలో చేరాడు.

వాళ్లు చేరేసరికే ఆ సంస్థలో ఒక పాఠం నడుస్తోంది. 1965లో 38 ఏళ్ల వయసులో ఐఐఎం డైరెక్టర్‌గా వచ్చిన రవి మత్తాయ్ 1972లో తనంత తానే ఆ పదవి వదిలేశాడు. ఎవరూ పొమ్మనలేదు. వదిలాక వేరే కొలువుకూ పోలేదు, అదే సంస్థలో మామూలు ప్రొఫెసర్‌గా ఉండిపోయాడు. నిన్నటి దాకా తన కింద పనిచేసినవాళ్ల సరసన ఒకడిగా కూర్చున్నాడు. డైరెక్టర్ అంటే సమానుల్లో కొన్నాళ్లు ఒక బాధ్యత మోసేవాడు అన్న అవగాహన ఆ సంస్థలో నాటుకోవడానికి ఆ ఒక్క నిర్ణయం ఎన్నో ఉపన్యాసాల కన్నా ఎక్కువ పని చేసింది. మత్తాయ్, పారీక్, రావు ముగ్గురూ కలిసి 1977లో సంస్థల నిర్మాణం మీద ఒక పుస్తకం తెచ్చారు.

1974లో లార్సెన్ అండ్ టూబ్రో కంపెనీ పారీక్‌నూ రావునూ పిలిచి అడిగింది చిన్న పనే. ఉద్యోగుల పనితీరును ఏటా అంచనా వేసే పద్ధతి సరిగా లేదు, చూసి బాగుచేయండి అని. వాళ్లు మేనేజర్లతో కూర్చుని మాట్లాడి, ఒక్క ఫారం మారిస్తే ఒరిగేది లేదని తేల్చారు. మన దేశంలో అప్పటి వాడుక కాన్ఫిడెన్షియల్ రిపోర్టు. పై అధికారి ఏడాదికోసారి తలుపు మూసుకుని ఉద్యోగి గురించి రాస్తాడు. ఏం రాశాడో ఉద్యోగికి సాధారణంగా తెలియదు. ప్రమోషన్ రాకపోతే ఊహించుకోవాలి. ఆంగ్లేయుల ఏలుబడి నుంచి వచ్చిన ఈ పద్ధతి సర్కారు కచేరీల్లోనే కాదు, కంపెనీల్లోనూ వేళ్లూనుకుంది.

పారీక్, రావుల నివేదిక దీన్ని తిరగేసింది. గడిచిన ఏడాది పని ఎలా ఉంది అన్న ప్రశ్ననూ, ముందు ముందు ఏ బాధ్యతకు పనికొస్తాడు అన్న ప్రశ్ననూ వేరుచేయమంది. అంచనా రాసే అధికారి, ఉద్యోగి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడాలంది. ఏది బాగా సాగింది, ఏది సాగలేదు, సాగకపోవడానికి అధికారి వైపు నుంచి జరిగిన లోపం ఏమిటి, వచ్చే ఏడాదికి ఏ సాయం కావాలి అన్నవి ఆ మాటల్లో రావాలంది. ఇప్పుడు కోచింగ్ అని మనం పిలుస్తున్న పని, పై అధికారి దినచర్యలోనే ఒక భాగంగా, ఏ బయటి శిక్షకుడూ లేకుండా, ఇలా మొదలైంది. శిక్షణ, ఉద్యోగ జీవితపు ప్రణాళిక కూడా దీనికే ముడిపెట్టారు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇదంతా చూసుకోవడానికి జీతాలు, సెలవులు, యూనియన్ చర్చలు చూసే పర్సనల్ శాఖ కాకుండా వేరే శాఖ ఒకటి ఉండాలన్నారు. కంపెనీ ఒప్పుకుంది. 1975లో ఎల్ అండ్ టీలో మానవ వనరుల అభివృద్ధి శాఖ ఏర్పడింది, దేశంలో ఇదే మొదటిదంటారు. ఆ తరువాత స్టేట్ బ్యాంకు వంటి సంస్థలు ఆ దారి పట్టాయి.

ఆ ప్రత్యేక శాఖ ఎందుకు అవసరమో కాలికో తరువాతి కథ చెబుతుంది. టావిస్టాక్‌కే చెందిన ఎరిక్ మిల్లర్ 1970 ప్రాంతంలో అహ్మదాబాద్ మిల్లును మళ్లీ పరిశీలించి, 1975లో తన ఫలితాలు అచ్చువేశాడు. ఆటోమేటిక్ కాని మామూలు మగ్గాల షెడ్డులోనూ అప్పట్లో మొదలుపెట్టిన జట్టు పద్ధతి అన్నేళ్ల తరువాత కూడా దాదాపు చెక్కుచెదరలేదు. మొట్టమొదట పేరు తెచ్చిన ఆటోమేటిక్ షెడ్డులో మాత్రం జట్లు కరిగిపోయి చాలావరకు పాత పద్ధతి తిరిగొచ్చింది. మార్కెట్ మారింది, బట్ట రకాలు మారాయి, కొత్తవాళ్లు వచ్చారు. ఆ ఒత్తిళ్లు జట్టు మీద పడకుండా అడ్డుకోవాల్సిన స్థానంలో ఉన్నవాళ్లు అడ్డుకోలేదు. కార్మికుల్లో ఉత్సాహం తగ్గి ఇలా జరిగిందని నేను అనుకోను. ఉత్సాహంతో జట్లు కట్టుకున్నది వాళ్లే. దాన్ని కాపాడటం మేనేజర్ల పని, ఆ పని ఎవరి ఉద్యోగ బాధ్యతలోనూ రాసి లేకపోతే ఆగిపోతుంది.

రాసి పెట్టినా నిలవడం తేలిక కాదని టి.వి. రావుకు తెలిసింది. 1983లో జంషెడ్‌పూర్‌లోని ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐకి వెళ్లి మానవ వనరుల అభివృద్ధికి ఒక కేంద్రం పెట్టాడు. 1985లో ఈ వృత్తివాళ్ల జాతీయ వేదిక ఏర్పడటంలో ముందు నిలిచాడు. 1980ల మధ్యలో ఐఐఎంలో సహచరులతో కలిసి ఇంకో అడుగు వేశాడు. శిక్షణకు వచ్చే మేనేజర్ గురించి అతని కింద పనిచేసేవాళ్లనూ తోటివాళ్లనూ ముందే అడిగి, వాళ్ల అభిప్రాయాలను పేర్లు లేకుండా అతనికే చూపించే పద్ధతి అది. 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్ అన్న పేరు మన కంపెనీల్లో మారుమోగడానికి చాలా ముందటి మాట. అయినా ఎన్నో సంస్థలు శాఖ పేరు మార్చుకుని పాత పనే చేస్తున్నాయని చూసి, ఆ శాఖలు చెప్పేదీ చేసేదీ ఒకటేనా అని తనిఖీ చేసే పద్ధతి తయారుచేసి 1999లో పుస్తకంగా రాశాడు. తాను దగ్గరుండి పుట్టించిన శాఖలకు తానే తనిఖీ పెట్టడం నేను ఎంతో గౌరవించే పని.

సర్కారు కచేరీల్లో కాన్ఫిడెన్షియల్ రిపోర్టు మీద మూసిన ఆ తలుపు తెరుచుకోవడానికి మరో ముప్పై ఏళ్లు పైనే పట్టింది, అదీ కోర్టు చేతి మీదుగా. సరిహద్దు రహదారుల సంస్థలో పనిచేసే ఒక ఇంజనీరుకు ఒక ఏడాది రిపోర్టులో ‘బాగుంది’ అని రాశారు. ప్రమోషన్‌కు ‘చాలా బాగుంది’ ఉండాలి. ‘బాగుంది’ అన్నది చెడ్డ మాట కాదు కదా, అతనికి చెప్పాల్సిన అవసరం లేదని శాఖ వాదించింది. ప్రమోషన్ పోయింది. 2008 మేలో సుప్రీంకోర్టు ఆ వాదన తోసిపుచ్చి, రిపోర్టులోని ప్రతి వ్యాఖ్యా, మంచిదైనా చెడ్డదైనా, ఉద్యోగికి తెలియజేయాల్సిందేనని తీర్పు చెప్పింది. 2009 మేలో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. రిపోర్టు మొత్తం ఉద్యోగి చేతికి ఇవ్వాలి, అభ్యంతరం ఉంటే అతను 15 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పుకోవచ్చు. కాగితం చేతికొచ్చాక అభ్యంతరం రాసుకునే హక్కు అది. కాగితం రాయకముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలని 1975లో ఎల్ అండ్ టీ పెట్టుకున్న నియమం ఆ ఉత్తర్వులో లేదు.